పాత షిఫ్టు దిగని స్ప్రింట్

మా ఆఫీసులో పరుగెత్తే మనిషి ఒక్కడూ లేడు. లిఫ్టు పనిచెయ్యని రోజున రెండో అంతస్తుకి ఎక్కుతూ, మధ్యలో ఆగి, సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ ఆయాసం తీర్చుకునే కుర్రాళ్ళే అందరూ. అలాంటివాళ్ళు రెండు వారాలపాటు కుర్చీల్లో కూర్చుని చేసే పనికి పెట్టుకున్న పేరు స్ప్రింట్. అంటే పరుగుపందెం. చేరిన మొదటి రోజు ఈ మాట విని, "ఎవరు పరిగెడతారు, ఎక్కణ్ణించి ఎక్కడికి?" అని నిజాయితీగానే అడిగాను. ఒక్కరూ నవ్వలేదు. నవ్వకపోగా, రెండు వారాల్లో చెయ్యాల్సిన పనుల జాబితా రాసుకుని, ఆ గడువులోపల పూర్తిచెయ్యడాన్నే స్ప్రింట్ అంటారని గోడ మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. గడువులోపల పని పూర్తిచెయ్యడాన్ని మా రోజుల్లో ఉద్యోగం అనేవాళ్ళం. దానికి బొమ్మ అక్కర్లేదు.

రెండువేల దశకం చివరి సంవత్సరాల మాట ఇది. నాకప్పటికి యాభై తొమ్మిది. ఎలమంచిలి దగ్గర పల్లెలో పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. ఆ ఆఫీసులో డిగ్రీ లేనిది నాకూ, టీ తెచ్చే మనిషికీ మాత్రమే. అతను కూడా ఇంటర్ దాకా వెళ్ళాడట.

మరి నేనక్కడికి ఎలా చేరానంటే, తొంభైల్లోకి వెళ్ళాలి. గాజువాకలో ఉక్కు కొలుములకి మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఉండేది. దాని టైమ్ ఆఫీసులో గుమాస్తాని. ఎవడు ఏ షిఫ్టుకి వచ్చాడో, ఎవడు రాకుండా వచ్చినట్టు రాయించుకోవాలని చూస్తున్నాడో కనిపెట్టడం నా పని. ఆ కంపెనీవాళ్ళు ఒక కంప్యూటరు కొన్నారు. కొన్నాక అది ఎవరికీ రాదని తెలిసింది. దాన్ని ఒక గదిలో పెట్టి, గుడ్డ కప్పి, ఏసీ బిగించి, గుమ్మం బయట చెప్పులు విప్పి రమ్మన్నారు. మనుషులకి తిరిగే ఫ్యాన్లకే దిక్కులేదు, దానికి ఏసీ! మొదట్లో ఆ చల్లదనం కోసమే వెళ్ళేవాణ్ణి. ఊరికే కూర్చుంటే తిడతారని దానితో వచ్చిన లావుపాటి పుస్తకం తెరిచేవాణ్ణి. పక్కన ఒక డిక్షనరీ. పేజీకి నలభై మాటలు వెతుక్కుంటూ ఏడాదిన్నరలో ఆ పుస్తకం పూర్తిచేశాను. అట్ట ఊడిపోయింది గానీ ప్రోగ్రాము రాయడం వచ్చింది.

నేను రాసిన మొదటి ప్రోగ్రాము ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పేది: ఇప్పుడు డ్యూటీలో ఎవరున్నారు? పొద్దున్న ఆరింటి షిఫ్టుకి బ్రహ్మాండంగా చెప్పేది. మధ్యాహ్నం షిఫ్టుకీ చెప్పేది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఉండే షిఫ్టుకి వచ్చేసరికి మాత్రం డ్యూటీలో ఎవరూ లేరనేది. ఎందుకంటే మొదలయ్యే గంట పది, ముగిసే గంట ఆరు. పది దాటి, ఆరు దాటకుండా ఉన్న గంట ఏదని అది పాపం వెతుక్కుని, అలాంటిది లేదు గనక మనుషులూ లేరని తేల్చేసింది. ఆ షిఫ్టువాళ్ళు చాలా సంతోషించారు. లేనివాళ్ళం పనెలా చేస్తాం అన్నారు. 'ఇప్పుడు' అనే మాట మనకి ఎంత సులువో, కంప్యూటరుకి అంత కష్టమని నాకు అప్పుడే బుర్రకెక్కి ఉండాల్సింది. ఎక్కలేదు. ఆ ఒక్క షిఫ్టు సంగతి సరిదిద్ది, నాకంతా వచ్చేసిందనుకున్నాను.

ఆ కంపెనీ కొన్నాళ్ళకి మూతపడింది. అక్కడి ఫోర్‌మన్ కొడుకొకాయన ద్వారకానగర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టి నన్ను పిలిచాడు. గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఉద్యోగాలకి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఆయనే మా మేనేజరు. ఆఫీసు తెరిచే వేళకీ మూసే వేళకీ దణ్ణం పెట్టుకునేటంత మర్యాదస్థుడు. తిట్టినా 'అండీ' చేర్చి తిట్టేవాడు.

"మాస్టారూ, మీరు షిఫ్టు లెక్క రాసినవారండి. మనకీ అలాంటిదే ఒకటి కావాలండి. పొద్దున్న పదింటికల్లా నా టేబుల్ మీద ఒక కాగితం ఉండాలండి. నడుస్తున్న స్ప్రింట్‌లో ఎవరి పేరు మీద ఎన్ని పనులున్నాయి, ఎన్ని అయ్యాయి, ఎన్ని కాలేదు. అంతేనండి."

పనులన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేవారు. ఒక్కొక్క పనికీ ఒక నంబరు, ఒక మనిషి పేరు, అయిందా లేదా అన్న గుర్తు. ఫ్యాక్టరీలో దాన్ని జాబ్ కార్డు అనేవాళ్ళం, వీళ్ళు టికెట్ అనేవారు. ఈ టికెట్లన్నీ తెర మీద కనిపిస్తాయి. చూడాలంటే ఒక మనిషి కూర్చుని తొమ్మిది చోట్ల నొక్కాలి. మా మేనేజరుకి నొక్కడం ఇష్టం లేదు. ఆయన మనిషే కాగితం మనిషి.

నేను ప్రోగ్రాము రాశాను. అది ఆ సాఫ్ట్‌వేర్‌ని మూడు ప్రశ్నలడిగేది, స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ దగ్గర నిలబడ్డట్టు. మొదటిది: మా టీము టికెట్లన్నీ పరిచి ఉంచే బోర్డు నంబరెంత? నంబరు చెప్పేది. రెండోది: ఆ నంబరు బోర్డు మీద ఉన్న స్ప్రింట్లేవి? అది పుట్టినప్పటి నుంచీ ఉన్నవన్నీ చెప్పేది. మూడోది: వాటిలో మూసెయ్యనిది, మొదలుపెట్టినది, అంటే ఇప్పుడు నడుస్తున్నది ఏది? దాన్ని పట్టుకుని, అందులోని టికెట్లన్నీ దించుకుని, కానివాటిని ఎర్ర సిరాతో అచ్చువేసేది. ఆ ఆఫీసులో డిగ్రీలున్న పదకొండు మందీ తొమ్మిది చోట్ల నొక్కుతుంటే, పదో తరగతివాడి ప్రోగ్రాము నొక్కకుండా తెచ్చింది. నేను కొంచెం ఎగిరాననే చెప్పాలి. కొంచెం కాదు.

రెండు నెలలు బాగానే నడిచింది. ఒక సోమవారం పొద్దున్న మేనేజరు టేబుల్ మీదికి తెల్లకాగితం వెళ్ళింది. పైన తారీకు, కింద శూన్యం.

"మాస్టారూ, మనవాళ్ళెవరికీ పన్లేదాండీ?" అన్నాడాయన, కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూస్తూ.

వెళ్ళి చూస్తే సంగతి ఇది. మా టీము లీడు శుక్రవారం సాయంత్రం పాత స్ప్రింట్ మూసేసి ఇంటికి పోయాడు. కొత్తది సోమవారం మధ్యాహ్నం భోంచేశాక తెరుద్దామనుకున్నాడు. మధ్యలో నడుస్తున్న స్ప్రింటంటూ ఏదీ లేదు. నా ప్రోగ్రాము అడిగితే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదంది. అది నిజమే చెప్పింది. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

లీడు గాజువాక కుర్రాడు. ముప్ఫై దాటలేదు. ఆడా మగా తేడా లేకుండా అందర్నీ బావా అంటాడు, నన్ను మాత్రం బాబాయ్ అంటాడు. వాళ్ళ నాన్న కూడా షిఫ్టు మనిషే. అది గుర్తొచ్చి ఇంకా రెచ్చిపోయాను.

"మీ నాయన ఎప్పుడైనా రిలీవరు రాకుండా షిఫ్టు దిగాడేటిరా?"

"ఏటైంది బాబాయ్?"

"కొలిమి ముందున్నోడు, అవతలోడు వచ్చి, పుస్తకంలో సంతకం పెట్టి, చార్జి తీసుకుంటేనే గానీ కదలకూడదు. కొలిమి ఒక్క నిమిషం ఒంటరిగా ఉండకూడదు. నువ్వు రెండున్నర రోజులు వదిలేసి పోయినావు. కొత్తది ఎక్కి, కుదురుకునేదాకా పాతదాన్ని దింపకు. అర్థమైందేటి?"

"కొలిమేటి బాబాయ్, ఇది కంప్యూటరు…"

"ఏదైనా సరే. పాత షిఫ్టు ముందు దిగకూడదు."

పక్క కుర్చీలవాళ్ళంతా విన్నారు. ఎవడో మెల్లిగా "తాతకి కొలిమి ఎక్కింది" అన్నాడు. నేను వినపడనట్టు వెళ్ళి కూర్చున్నాను. మళ్ళీ ఎప్పుడూ తెల్లకాగితం రాలేదు. నా మాట పనిచేసిందని మురిసిపోయాను. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చకుండా, మనుషుల్ని మార్చి నెగ్గుకొచ్చానన్నమాట.

ఇక ఈ కథలో నష్టపోవలసిన మనిషి గురించి చెప్పాలి. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. టెస్టింగ్ ఆ అమ్మాయి ఉద్యోగం. అంటే మిగతావాళ్ళు రాసినదాన్ని అటు నొక్కి ఇటు నొక్కి, తప్పు పట్టుకుని, ఎవరి తప్పు వాళ్ళ పేరు మీద టికెట్‌గా ఎక్కించడం. ఇలాంటి ఉద్యోగం చేసేవాళ్ళకి స్నేహితులుండరు. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని డబ్బా విప్పేది. ఇద్దరం వెలివేసినవాళ్ళమే గనక కబుర్లు బాగా సాగేవి.

"ఆర్నెల్ల ప్రొబేషను తాతా. వచ్చే నెల్తో అయిపోద్ది. ఉంచితే ఉంచుతారు, నేకపోతే మా మావయ్య ఎరువుల కొట్టే."

"తాతా అనకు. నాకింకా అరవై రాలేదు."

"సరే తాతా. మా మావయ్య కొట్లోకి కంప్యూటరు కూడా కొనేసినాడు, బిల్లులు కొట్టడానికి. నాను ఇక్కడ ఫెయిలవుతానని ఆయనకి అంత నమ్మకం."

"మీ అమ్మ ఏటంటది?"

"ఏటంటది? ఊళ్ళోనే ఉద్యోగం, బస్సు బాధ నేదు అంటది. అందరికీ బాగానే ఉంటది, నాకు తప్ప. యూరియా వాసనకి నాకు తుమ్ములొత్తాయి తాతా. బిల్లు కొట్టేలోపల నాలుగు తుమ్ముతాను."

నవ్వుతూనే చెప్పేది గానీ, ఆ మాట అన్న ప్రతిసారీ పెరుగన్నం సగంలో మూత పెట్టేసేది. ఆ ఉద్యోగం నిలబడితే పట్నం. నిలబడకపోతే ఎరువుల బస్తాల మధ్య కుర్చీ. అంతకు మించి మూడో దారి ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు.

కొన్నాళ్ళకి నా కాగితం మీద ఆ అమ్మాయి పేరు కింద ఏడు ఎర్ర గీతలు కనిపించాయి. మర్నాడూ అవే ఏడు. ఆ మర్నాడూ అవే. మిగతా వాళ్ళందరి పేర్లకీ అన్నీ అయిపోయినట్టే ఉంది. ఈ అమ్మాయి ఒక్కతే వెనకబడింది. మేనేజరు ఆ గీతల పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టి నాకు చూపించాడు.

నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి మీద ఇష్టం ఉంది గనక వచ్చిన కోపం అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. నిజానికి నా కాగితం ముందు నేను చిన్నబోయాననిపించి వచ్చిన కోపం. మీ స్నేహితురాలేనటగదండీ అని ఆయన అంటాడేమోనని.

మధ్యాహ్నం అందరూ తింటుండగా అడిగేశాను.

"నీ పేరు మీద ఏడు పనులు వారం బట్టీ కదల్లేదు. ఏటి సేత్తన్నావు ఇన్నాళ్ళూ?"

"ఏడూ సేసేసినాను తాతా. ఎప్పుడో."

"చేసుంటే కాగితంలో ఎందుకు రావు?"

"నీ కాగితం సంగతి నాకేటి తెల్సు? నాను సేసినాను."

"కాగితం అబద్ధం ఆడదమ్మా. ఆడితే మనుషులాడాలి."

బల్ల చుట్టూ నమలడం ఆగింది. ఆ అమ్మాయి నా మొహంకేసి కాసేపు చూసింది. డబ్బా మూతపెట్టి, కడుక్కుని, తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. సాయంత్రం వెళ్ళేటప్పుడు నా పక్కనుంచి పోతూ, "వత్తాను సార్" అంది.

తాతా అనొద్దని నెలల తరబడి మొత్తుకున్నవాణ్ణి. సార్ అంటే ఇంత చేదుగా ఉంటుందని తెలియదు.

ఆ తర్వాతి గురువారం మేనేజరు పిలిచాడు.

"రేపు పదకొండింటికి ఆ అమ్మాయి విషయం తేల్చేస్తానండి. పిల్ల మంచిదేనండి, కాదన్ను. కానీ రెండు వారాలుగా అవే ఏడండి. ఈ పదిరోజుల కాగితాలూ ఒక ఫైల్లో వరసగా పెట్టి ఇవ్వండి మాస్టారూ. రేపు అడిగితే చూపించాలి గదండి."

ఫైలు పుచ్చుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాను. పది కాగితాలూ తారీకు వరసలో పేర్చాను. పేరుస్తూ పేరుస్తూ ఆగిపోయాను. తారీకు తప్పిస్తే పదీ ఒకటే. ఎంత పని చెయ్యని ఆఫీసైనా పదిరోజుల్లో ఒక్క గీత అటో ఇటో కదలాలి గదా. సరే, ఆ అమ్మాయి పనిచెయ్యలేదనే అనుకుందాం. లీడు పేరు చూశాను. పదిరోజులుగా అతనికి మిగిలిన పని ఒక్కటీ లేదు. అన్నీ పూర్తి.

ఆ మనిషిని నేనెరుగుదును. పొద్దున్న వచ్చి కుర్చీ ఎత్తు సరిచేసుకోవడానికే అతనికి పావుగంట పడుతుంది. అతని పేరు మీద మిగిలిన పని లేదంటే, ఆ కాగితం అబద్ధమన్నా ఆడుతూ ఉండాలి, లేదా నేను వేరే ఆఫీసులోనన్నా ఉండాలి.

లేచి ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి వెళ్ళాను.

"ఆ ఏడూ ఒకసారి చూపించమ్మా."

సొరుగులోంచి ఒక నోటు పుస్తకం తీసింది. బస్సు టైములు రాసుకున్నట్టు, ఏ రోజు ఎన్నింటికి ఏ టికెట్ పరీక్షించిందో, ఏం తప్పు దొరికిందో, అది మళ్ళీ ఎప్పుడు సరయిందో, గీతలు కొట్టి రాసుకుంది. తర్వాత తెర మీద చూపించింది. ఏడూ పూర్తయినట్టే ఉన్నాయి. పనుల పేర్లు నా కాగితం మీద ఉన్నవే. నంబర్లు మాత్రం వేరు.

"ఇవి వేరే నంబర్లు గదా?"

"అవున్సార్. పాత స్ప్రింట్లో వాళ్ళు రాసి ఇచ్చేసరికే గడువైపోయింది, నాకు పరీక్ష సెయ్యడానికి టైమ్ నేదు. అందుకని ఆ ఏడూ కొత్త స్ప్రింట్లో మళ్ళీ ఎక్కించినారు. నాను కొత్తవి సేసినాను. పాతవి అలాగే ఉండిపోయినాయి."

పాతవి అలాగే ఉండిపోతే ఉండిపోనీ, పాత స్ప్రింట్ మూసేశాక వాటి ఊసెవరికి? నా ప్రోగ్రాముకి అవెలా కనబడుతున్నాయి? పరిగెత్తుకుంటూ నా కుర్చీకి వచ్చాను. ఆ ఆఫీసులో నిజంగా స్ప్రింట్ చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. సాఫ్ట్‌వేర్ ఇచ్చే జవాబుని ప్రోగ్రాము మింగెయ్యకుండా, ఉన్నదున్నట్టు తెర మీదికి కక్కించాను.

నడుస్తున్న స్ప్రింట్ ఏది అని అడిగితే, అది రెండు చెప్పింది. పాతదీ నడుస్తోంది, కొత్తదీ నడుస్తోంది. రెండు వస్తే ఏం చెయ్యాలో నేను రాయలేదు. రెండొస్తాయని నాకు తట్టనే లేదు. వరసలో మొదటిదాన్ని పట్టుకోమన్నాను. మొదటిది ఎప్పుడూ పాతదే.

నా ఒంట్లో రక్తమంతా ఒక్కసారిగా లీడు వైపు మళ్ళింది. వెళ్ళి అతని బల్ల మీద చరిచాను.

"పాత స్ప్రింట్ ఎందుకు మూయలేదురా?"

"అదేటి బాబాయ్, నువ్వే గదా సెప్పినావు!"

"నేనేటి సెప్పినాను?"

"కొత్తది ఎక్కి కుదురుకునేదాకా పాతది దింపొద్దు, కొలిమి ఒంటరిగా ఉండకూడదు అని. మా నాన్న పేరెత్తి మరీ సెప్పినావు గదేటి. ఇంటికెళ్ళి మా నాన్నని అడిగితే, ఆ పెద్దాయన సెప్పింది కరెక్టే రా అన్నాడు. మరేటి సేత్తాం? మూయడం మానేసినాను."

"కుదురుకునేదాకా అన్నాను! రెండు వారాలు కుదురుకోవాలేటి?"

"ఎవులూ వచ్చి సంతకం పెట్టనేదు గదా బాబాయ్, కుదురుకున్నట్టు."

చుట్టూ ఉన్నవాళ్ళకి ఇంక నవ్వాపుకోవడం కష్టమైంది. "ఒరే బావా, మన పేర్ల మీద అన్నీ అయిపోయినట్టు వత్తంటే మీకెవులికీ అనుమానం రానేదేటిరా?" అని లీడు వాళ్ళని గదమాయించాడు. ఎందుకొస్తుంది? పని అయిపోయిందని కాగితమే చెబుతుంటే, కాలేదని లేచి నిలబడి చెప్పుకునేటంత సత్యసంధుడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు. మేనేజరుకి ఎరుపే కనబడుతుంది. ఎర్ర గీతలున్నది ఒక్క మనిషి పేరు మీద.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక నేను చేసిన మొదటి పని, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన విదేశీ కంపెనీకి ఒక ఉత్తరం రాయడం. ఒక టీముకి ఒక్క స్ప్రింటే నడవనివ్వాలని బుద్ధిలేదా, రెండు నడవనిచ్చి ఇళ్ళు కూలుస్తారా అని మూడు పేరాలు. డిక్షనరీ చూడకుండానే వచ్చింది ఇంగ్లీషు. మూడో పేరా చివరికి వచ్చేసరికి కోపం అయిపోయింది. వాళ్ళ సాఫ్ట్‌వేర్ అడిగినదానికి అడిగినట్టు, రెండున్నాయి బాబూ అని, నిజమే చెప్పింది. ఒకటి విని రెండోది విననివాణ్ణి నేను. ఉత్తరం చెరిపేశాను.

రెండో పని, ప్రోగ్రాము సరిదిద్దడం. నడుస్తున్నవి ఒకటికంటే ఎక్కువుంటే, అన్నిటికంటే ఆఖర్న మొదలైనదాన్ని పట్టుకో అని రాశాను. ఒక్క వరస. నాలుగు నిమిషాలు. కొత్త కాగితం వచ్చింది. ఆ అమ్మాయి పేరు కింద ఒక్క ఎర్ర గీత లేదు. లీడు పేరు కింద తొమ్మిదున్నాయి. మనసుకి ఎంత హాయి అనిపించిందో చెప్పలేను.

అప్పుడే ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఈ కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టి ఊరుకుంటే? రాత్రికి రాత్రి ఆ అమ్మాయి ఏడూ చేసేసిందనుకుంటాడు ఆయన. ఉద్యోగం నిలబడుతుందేమో. నా ప్రోగ్రాము పరువూ నిలబడుతుంది. డిగ్రీ లేనివాణ్ణి పెట్టుకుంటే ఇంతేనన్న మాట ఎవరి నోటా రాదు. ఫైలు మూసి, గాజువాక బస్సెక్కి, ఇల్లు చేరేదాకా ఆ ఆలోచన పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది. కాగితం అబద్ధం ఆడదు అని నిండు బల్ల మీద అన్నది నేను. ఆ మాట అందరూ విన్నారు. ఆ పిల్ల మర్నాటికి ఉద్యోగం నిలుపుకున్నా, అబద్ధాలకోరుగానే నిలుపుకుంటుంది.

శుక్రవారం పదిన్నరకే మేనేజరు గదిలోకి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ పది కాగితాలూ తప్పండి. ఆ అమ్మాయి తప్పు చెయ్యలేదు, నేను చేశాను."

"అదేంటండీ బాబూ! పదిరోజులుగా నేను చూసిందేంటండి మరి?"

"అయిపోయిన స్ప్రింటండి."

"మరి నడుస్తున్నది?"

కొత్త కాగితం ముందు పెట్టాను. ఆయన ఎర్ర సిరా కోసం వెతికాడు. లీడు పేరు దగ్గర దొరికింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈయనగారి పేరు మీద తొమ్మిదాండీ?"

"కాగితం నిజమే చెబుతోందండి ఇప్పుడు."

ఆయన పాత కాగితాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాడు. డిగ్రీ మాట ఎత్తుతాడని పళ్ళు బిగించి నిలబడ్డాను. ఎత్తితే చెప్పడానికి జవాబు కూడా ఒకటి దారంతా తయారుచేసుకుని వచ్చాను, కొంచెం ఘాటైనదే. ఆయన ఎత్తలేదు. అంతకంటే దారుణమైన ప్రశ్న అడిగాడు.

"మాస్టారూ, మీ ప్రోగ్రాముని టెస్ట్ చేసిందెవరండి?"

"…నేనేనండి. రాసిందీ నేనే, చూసుకున్నదీ నేనే."

"మన ఆఫీసులో ఎవరు రాసినా ఆ అమ్మాయి చూడకుండా బయటికి పంపం గదండి. మీదొక్కటీ ఎలా వదిలేశామండీ?"

ఎలా వదిలేశారో నాకు తెలుసు. నేనే ఇవ్వలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా ప్రోగ్రాముని నొక్కి చూడడమేమిటని.

ఆ అమ్మాయిని లోపలికి పిలిచాడు. ఆ అమ్మాయి నోటు పుస్తకం గుండెకి అదుముకుని వచ్చి నిలబడింది, నాకేసి చూడకుండా.

"అమ్మా, ఈ మాస్టారు తన తప్పని ఒప్పుకున్నారమ్మా. నేను కూడా ఒక మాట నిన్నడిగి ఉండాల్సింది. నువ్వు ఉండాలమ్మా. ఈయన్ని కూడా టెస్ట్ చేసేవాళ్ళు ఒకరుండాలి గదా. సోమవారం లెటరిస్తాను."

ఆ అమ్మాయి "థాంక్యూ సార్" అంది. బయటికి వచ్చాక నేను నిలబడి, టీ బల్ల దగ్గరున్న నలుగురికీ వినపడేలాగా, ఆ రోజు నేనన్న మాట తప్పని, ఏడూ చేసే ఉందని చెప్పాను. మావయ్య కంప్యూటరు ఏం చేస్తాడో మరి అని కూడా చేర్చాను, వాతావరణం తేలికవుతుందని. ఆ అమ్మాయి నవ్వలేదు.

"మీ ప్రోగ్రాము ఇవ్వండి సార్, సూత్తాను" అంది.

ఇచ్చాను. మధ్యాహ్నమంతా కూర్చుంది. పరీక్షల కోసం వేరే బోర్డొకటి ఉండేది. అందులో ఒక స్ప్రింట్ తెరిచి నడిపింది, సరిగ్గా చెప్పింది. రెండు తెరిచి నడిపింది, ఆఖరిదాన్నే పట్టింది. మూడు తెరిచింది, అదీ బాగానే ఉంది. నేను వెనక నిలబడి కాలరు సర్దుకుంటున్నాను. అప్పుడు ఆ అమ్మాయి మూడూ మూసేసి, నడుస్తున్నది ఒక్కటీ లేకుండా చేసి, నడిపింది. ఆఖరిది ఏది అని నా కొత్త వరస వెతుక్కుంది. ఏమీ లేని చోట ఆఖరిదెక్కడుంటుంది? ప్రోగ్రాము నోరు తెరిచి చచ్చిపోయింది. మునుపు కనీసం తెల్లకాగితమైనా ఇచ్చేది.

"అలా ఎప్పుడూ అవదమ్మా. వాళ్ళకి నేను గట్టిగా చెప్పాను, పాతది మూసే ముందు…"

అంటూ అంటూ ఆగాను. ఆ అమ్మాయి కుర్చీ నా వైపు తిప్పి, పూర్తిగా చెప్పు అన్నట్టు చూస్తోంది.

ఆ అమ్మాయి మళ్ళీ తెర వైపు తిరిగి, టకటకా ఏదో ఎక్కించింది.

సోమవారం పొద్దున్న పదింటికి కాగితం నేనే తీసుకెళ్ళాను. లీడు పేరు కింద ఎనిమిది ఎర్ర గీతలు. ఒకటి ఎలాగో చేశాడు. ఆ కింద, ఆ కాగితం పుట్టిన దగ్గర్నుంచీ ఎప్పుడూ లేని ఒక కొత్త పేరు. నాది. పేరు కింద ఒక్క ఎర్ర గీత: నడుస్తున్న స్ప్రింట్ లేనప్పుడు ప్రోగ్రాము పడిపోతోంది. మేనేజరు దాని పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టాడు.

ప్రొబేషను లెటరు అందుకుని ఆ అమ్మాయి నా పక్కనుంచే వెళ్ళింది. ఒక్క క్షణం ఆగి నా చేతిలో కాగితంలోకి తొంగిచూసింది.

"కాగితం అబద్ధం ఆడదు గదేటి, తాతా?"

నాకింకా అరవై రాలేదని చెప్పాను. తాతా అనడం తప్పని నేను ఎన్ని నెలలుగా మొత్తుకుంటున్నా, ఆ అమ్మాయి ఆ తప్పుని మాత్రం ఎవరి పేరు మీదా టికెట్‌గా ఎక్కించలేదు.